తుపాకులు తర్వాత వచ్చాయి

పనిలోంచి వచ్చి కూర్చున్న అన్నలూ, పుస్తకాలు పక్కన పెట్టి వింటున్న తమ్ముళ్ళూ, యుద్ధం అనగానే మీకు తుపాకులు గుర్తొస్తాయి. దానికి ఒక ముస్తాబు గది కూడా ఉంటుంది. శవాలకు వేషాలు వేసేది అక్కడే. కెమెరా అక్క ఆ గదిలోకి పొద్దున్న ఎనిమిదింటికి, పిలవకుండానే వెళ్ళింది.

పత్రిక ఆఫీసులో ప్యూన్ దగ్గర్నుంచి చెక్‌పోస్టు సిపాయి దాకా అందరూ ఆమెను కెమెరా అక్క అనే పిలుస్తారు. నలభై ఆరేళ్ళ మనిషి. ఇరవై ఏళ్ళుగా యుద్ధాల ఫోటోలు తీస్తోంది. కుడి మోకాలిలో గోరంత ఇనుప ముక్క ఇంకా ఉంది. మెట్లెక్కితే అది పలకరిస్తుంది.

ఆ రోజు సైన్యం ఐదుగురు విలేకరులను జీపెక్కించి కొండదారి వెంట తీసుకుపోయింది. ఏదో గొప్ప విజయం చూపిస్తామన్నారు. వెంట వచ్చింది మేజర్. మేజరంటే యుద్ధం చేసే మేజర్ అనుకునేరు! ఆయనది ప్రచార శాఖ. ఇస్త్రీ మడత నలగకుండా మూడేళ్ళ యుద్ధాన్ని దాటుకొచ్చిన మహానుభావుడు. కొత్తగా పోస్తున్న తారు రోడ్డు ఆగిపోయే మలుపు కింద జీపు ఆపించి, "పైన ఇంకా ఏర్పాట్లు అవుతున్నాయి. అందాకా టీ తాగండి" అన్నాడు.

విజయానికి ఏర్పాట్లేమిటని మిగతా నలుగురిలో ఒక్కడూ అడగలేదు. కప్పులందుకున్నారు.

అక్క టీ తాగలేదు. లోయ ఫోటో తీసుకుంటానని చెప్పి రాళ్ళు పట్టుకుని పక్క గట్టెక్కింది. పైనుంచి చూస్తే మలుపు మొత్తం అరచేతిలో ఉన్నట్టు కనబడింది.

తారు కాగే పీపా ఇంకా పొగలు కక్కుతోంది. దాని చుట్టూ పదకొండు మంది ఎక్కడివాళ్ళక్కడ పడి ఉన్నారు. ఒకడి చేతిలో పొడుగు గరిటె. ఒకడు కంకర కుప్ప మీద బోర్లా. తారు కాలకుండా అందరి కాళ్ళకూ మోకాళ్ళ దాకా గోనెపట్టలు, వాటి మీద తీగ చుట్లు. సిపాయిలు కత్తితో ఆ గోనెలు కోసి లాగేస్తున్నారు. ఇద్దరు శవాలను ఈడ్చుకొచ్చి వరసలో పెడుతున్నారు. ఇంకొకడు జీపులోంచి తుపాకులు తెచ్చాడు, పొయ్యిలోకి పుల్లలు తెచ్చినట్టు ఒక మోపుగా. మనిషికొకటి పంచాడు. ఒకటి తక్కువైంది. మళ్ళీ జీపు వైపు పరుగెత్తబోయి ఆగి, తన భుజానిదే తీసి పెట్టాడు.

అక్క పెద్ద లెన్సు బిగించి ఇరవై మూడు ఫోటోలు తీసింది. వేలు దానంతటదే నొక్కుకుపోయింది. అలవాటు.

తర్వాత ఏం చేసిందో కూడా చెప్పాలి. దాస్తే ఈ కథకు నీతి ఉండదు. కిందికి దిగింది. మేజర్ "రండి రండి" అని పిలిస్తే అందరితో పాటు వెళ్ళింది. వరసగా పడుకోబెట్టిన పదకొండు మందినీ, పక్కన మెరుస్తున్న పదకొండు తుపాకులనూ, మోకాలు వంచి, వెలుతురు చూసుకుని మరీ తీసింది. అది చాలా మంచి ఫోటో. ఆమెకు అదే సిగ్గు.

రెండు రకాల ఫోటోలూ ఎడిటర్ ముందు పెట్టింది.

ఎడిటర్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చూశాడు. ఈయన ప్రతి ఏడూ పత్రికా స్వేచ్ఛ మీద గంటన్నర ఉపన్యాసం ఇస్తాడు, ఎదురుగా మంత్రిని కూర్చోబెట్టుకుని.

"రెండోది బ్రహ్మాండం. మొదటిపేజీ" అన్నాడు.

"మొదటివి చూశారా? గోనెలు కోస్తున్నారు. తుపాకులు పెడుతున్నారు. వాళ్ళు తారు పనివాళ్ళు సార్."

"దూరం నుంచి తీశావు. మసకగా ఉన్నాయి."

"మసకేం లేదు. సిపాయి బొత్తాలు లెక్కపెట్టొచ్చు."

ఎడిటర్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "చూడమ్మా, యుద్ధంలోకి వెళ్ళే పాసు నీకిచ్చింది ఎవరు? మేజర్. అది పోతే నువ్వేం తీస్తావు? పెళ్ళి ఫోటోలా? ఇవాళ్టికి ఇది వేద్దాం. అవి తర్వాత చూద్దాం."

అక్క ఆ ఇరవై మూడూ సంచిలో పెట్టుకుంది. బయటికొచ్చింది. ఆ 'తర్వాత' అనేది ఎప్పుడూ రాదని ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఆమెకు బాగా తెలుసు.

ఆ పత్రిక సాయంత్రం పత్రిక. మధ్యాహ్నం రెండింటికి మెషిన్ ఎక్కి, నాలుగింటికి ఊరంతా పంచిపెడతారు. "పదకొండు మంది సాయుధ శత్రువుల హతం" అని బొటనవేలంత అక్షరాలు. ఆ ఫోటో దేశాలు దాటింది. మర్నాటికి ఏదో సంఘం బహుమతి ప్రకటించింది. ఆఫీసులో అందరూ చేయి కలిపారు. ఆమె తల్లి మాత్రం కలపలేదు.

తల్లికి డెబ్బై రెండేళ్ళు. నలభై ఏళ్ళు పెద్దాసుపత్రిలో ఆయాగా చేసింది. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. వంటగది కిటికీ దగ్గర నిలబడి పేపర్‌ను కళ్ళకు ఆనించుకుని చూసింది.

"ఏమే, వీళ్ళ కాళ్ళేంటి ఇలా ఉన్నాయి?"

"ఎలా ఉన్నాయి?"

"మోకాలి దాకా తెల్లగా, పైన నల్లగా. ఏదో చుట్టుకుని పనిచేసే కాళ్ళు. ఇంత మందిని కడిగాను, నాకు తెలియదా? గోళ్ళలో ఆ నలుపు ఏంటి?"

అక్క కెమెరా సంచిని బల్ల కిందికి తోసింది.

"చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. ఇక్కడ చచ్చినవాడి చేతికి తుపాకీ కూడా మొలుస్తుందన్నమాట" అని తల్లి పేపర్ మడిచి, కూరగాయల తొక్కలు దాన్లో పోసింది. "బహుమతి ఇచ్చినప్పుడు నన్ను పిలవకు. నాకు మోకాళ్ళ నొప్పి."

ఆరో రోజు పొద్దున్న పత్రిక గేటు ముందు నలభై మంది ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. కాపలావాడు అడ్డుపడితే నెట్టలేదు, అరవలేదు. ఆ పేపర్‌ను విప్పి పట్టుకుని, "ఈ ఫోటో తీసింది ఎవరో వాళ్ళను పిలవండి" అన్నారు. అంతే.

ఎడిటర్ వెనక తలుపు నుంచి వెళ్ళిపోయాడు. మర్యాదస్తులకు వెనక తలుపులు చాలా అవసరం.

అక్క దిగి వచ్చింది. ముందు నిలబడ్డ ఆవిడ యాభై ఏళ్ళది. ముంజేతుల నిండా తారు చిందిన మచ్చలు. ఆ పదకొండు మందిలో ఒకడు పని ముఠాకు మేస్త్రి. ఈవిడ అతని భార్య. మేస్త్రమ్మ అంటారు.

"నువ్వేనా?"

"నేనే."

"వీడు నా మొగుడు." మేస్త్రమ్మ వేలు వరసలో నాలుగో మనిషి మీద పెట్టింది. "వీడి పక్కన తుపాకీ ఉంది. ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాను, మా ఇంట్లో కూరగాయల కత్తికే పదును లేదు. ఈ తుపాకీ వీడికెవరిచ్చారమ్మా? నువ్విచ్చావా?"

"కాదు."

"తెల్లారేసరికి మలుపు దాకా తారు పోయాలని తొందరపెట్టింది సైన్యమే. పొగ కనిపించింది, శత్రువులనుకున్నాం అని కాల్చిందీ సైన్యమే. నేను నీళ్ళకు వాగులోకి దిగాను కాబట్టి మిగిలాను. పైకి వస్తుంటే తన్ని తరిమారు. ఇప్పుడు మా గుడిసెలకు నోటీసులు అంటించారు. శత్రువుల కుటుంబాలట, పది రోజుల్లో ఖాళీ చెయ్యాలట. శవాలు ఇవ్వరట. ఏ గోతిలో వేశారో చెప్పరట."

అక్క ఆ నాలుగో మనిషిని మళ్ళీ చూసింది. చివరికి అంది: "నా దగ్గర ఇంకో ఫోటో ఉంది. తుపాకులు పెట్టకముందు తీసింది."

మేస్త్రమ్మ పేపర్ మడిచి కిందికి దించింది.

"ఎప్పట్నుంచి ఉంది?"

"ఆ రోజు నుంచే."

"ఆరు రోజులు కడుపులో దాచుకున్నావా? ముద్ద ఎలా దిగిందే నీకు?" అంది మేస్త్రమ్మ.

వెనక నుంచి ఎవరో ఉమ్మేశారు. అది అక్క చెప్పు పక్కన పడింది. ఆమె కాలు జరపలేదు.

ఆ మధ్యాహ్నం తారు పనివాళ్ళ రేకుల షెడ్డులో మీటింగు జరిగింది. మూడు వందల మంది. మిగిలిన కంకర గోతాల మీద కూర్చున్నారు. అక్క ఇరవై మూడు ఫోటోలూ కాగితాల మీద తీయించి తెచ్చింది. అవి చేతులు మారుతూ వెళ్ళాయి. ఎవరూ గట్టిగా ఏడవలేదు. ఒక ముసలాయన మాత్రం గోనె కోస్తున్న ఫోటో చూసి, "తీగ ముడి నేనే వేశాను వాడికి" అన్నాడు.

అక్క లేచి తన ఆలోచన చెప్పింది. విదేశీ పత్రికకు పంపుదాం. లాయర్లను కలుద్దాం. విచారణ కమిటీ వేయమని అడుగుదాం.

"కమిటీలో ఎవరుంటారు?" అని అడిగాడు ఒక రోలర్ డ్రైవర్.

"రిటైరైన జడ్జి, ఒక సైన్యం అధికారి..."

షెడ్డంతా నవ్వింది. అది సంతోషంతో నవ్విన నవ్వు కాదు.

"పిల్లికి ఎలుక సాక్ష్యమన్నమాట" అన్నాడు డ్రైవర్. "ఆ మేజర్‌ను నాలుగు తంతే సరి. ఒక్కడు చాలు, వాడు దారికొస్తాడు."

"వాణ్ణి తంతే ఇంకొకణ్ణి పంపుతారు. ఇస్త్రీ బట్టలకు కరువా?" అంది మేస్త్రమ్మ. అక్క వైపు తిరిగింది. "చూడమ్మా, ఫోటో నీదని అనుకుంటున్నావు. చచ్చింది మావాళ్ళు. నువ్వు నొక్కావు, అంతే. ఎక్కడో పరాయి దేశంలో వేస్తే మా గుడిసె నోటీసు చింపుతారా? ఏ పేపర్ మమ్మల్ని శత్రువుల్ని చేసిందో ఆ పేపరే నిజం చెప్పాలి."

"ఎడిటర్ వేయడు."

"అచ్చు వేసేది ఎడిటరా?"

అక్క ఇరవై ఏళ్ళు ఆ భవనంలో పైఅంతస్తుకు ఎక్కింది, దిగింది. మెషిన్ హాలు కిందే ఉంది. ఏ ఒక్కసారీ ఈ ప్రశ్న ఆమెకు తట్టలేదు. చదువుకున్న బుర్ర ఎన్ని డిగ్రీలు మోసినా, ఇంటి పునాది ఎక్కడుందో చూడటానికి కిందికి వంగదు.

"ఇంకో మాట" అంది మేస్త్రమ్మ. "సైన్యం లారీలు కొండెక్కాలంటే రోడ్డు కావాలి. రోడ్డు పోసేది మనం. రేపటి నుంచి పీపాల కింద మంట పెట్టొద్దు. చూద్దాం, యుద్ధం ఎలా నడుస్తుందో."

"సైన్యం కాలుస్తుంది" అన్నారెవరో.

"పని చేస్తుంటేనే కాల్చారు కదయ్యా! పని మానితే కొత్తగా ఏం చేస్తారు?"

చేతులు లేచాయి. అక్క వాటిని ఫోటో తీసింది.

మెషిన్ హాలు ఫోర్‌మన్‌ను అందరూ బాబాయ్ అంటారు. ముప్ఫై ఏళ్ళు ఆ మోత పక్కన నిలబడి చెవులు సగం పోయాయి. అందుకే ఎప్పుడూ అరుస్తాడు. అక్క మర్నాడు కిందికి దిగి ఫోటోలు చేతిలో పెట్టింది. సిరా చేతులు ప్యాంటుకు తుడుచుకుని ఒక్కొక్కటే చూశాడు.

"అచ్చేసిన చెత్త ఏనాడూ చదవలేదమ్మాయ్, అందుకే ప్రశాంతంగా బతికాను!" అని అరిచాడు. "ఇప్పుడు చూపించి పాడు చేశావు."

భోజనాల వేళ పేపర్ రీళ్ళ గోదాములో పద్నాలుగు మంది కూడారు. వాదన తెగలేదు. ఉద్యోగాలు ఊడతాయని ఒకడు, జైలు తప్పదని ఒకడు. "మనం కార్మికులం, రాజకీయాలు మనకెందుకు" అన్నాడు అచ్చుకు పేజీల ప్లేట్లు తయారుచేసేవాడు.

"వాళ్ళెవరు మరి? జమీందార్లా?" బాబాయ్ అరిచాడు. "రేపు మన మెషిన్‌లో పొగ చూసి ఎవడో కాలిస్తే, నా పక్కన కూడా తుపాకీ పెట్టి ఫోటో తీస్తారు. అది కూడా నువ్వే ప్లేటు చేసి ఇస్తావు. చక్కగా వస్తుందిరా, నీ పనితనం నాకు తెలుసు."

ప్లేట్లవాడు ఒక ఫోటో ఏరి పాత పేపర్ పక్కన పెట్టి చూశాడు. "పక్కపక్కన వేద్దాం. ముందుది, తర్వాతది" అన్నాడు. "కింద ఏం రాయాలి?"

అక్క పెద్ద వాక్యమొకటి చెప్పబోయింది. బాబాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "మేస్త్రమ్మను అడిగి రా."

మేస్త్రమ్మ చెప్పినది చెప్పినట్టే వేశారు: "వీళ్ళు తారు పనివాళ్ళు. తుపాకులు తర్వాత వచ్చాయి."

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం రెండింటికి మెషిన్ కదిలింది. మొదటిపేజీలో మంత్రి నవ్వుతూ రిబ్బను కోయాలి. ఆ ప్లేటు మూల చేరింది. పై అంతస్తులో ఎడిటర్ భోంచేసి కునుకు తీస్తున్నాడు. మూడున్నరకు ఆయన ముందుకొచ్చిన పత్రిక చూసి, చెప్పులు వేసుకోవడం మరిచి మెట్లు దిగాడు.

"ఆపండి! ఆపండయ్యా!"

"ఏంటీ?" బాబాయ్ చెవి దగ్గర చేయి పెట్టుకున్నాడు.

"మెషిన్ ఆపమంటున్నాను!"

"ఆ, బాగానే ఉందండి! మోత తప్ప ఇబ్బందేం లేదు!"

ఆగేసరికి నలభై వేల కాపీలు గేటు దాటాయి. పంచే కుర్రాళ్ళు ఆ రోజు హెడ్డింగులు కేకలేయలేదు. పేజీ ఎత్తి పట్టుకుని నిలబడితే చాలింది. బస్సుల్లో జనం భుజాల మీద నుంచి తొంగి చూశారు. కాలేజీ పిల్లలు ఆ పేజీ గోడలకు అంటించారు, పోలీసులు చింపారు, మళ్ళీ అంటించారు.

ఐదింటికి అక్కనూ బాబాయ్‌నూ పట్టుకుపోయారు. ఊళ్ళో స్టేషన్‌లో పెట్టడానికి ధైర్యం చాలక, కొండదారి మొదట్లో సైన్యం గోదాముల పక్కనున్న చెక్‌పోస్టు స్టేషన్‌కు తీసుకెళ్ళారు. కెమెరా లాక్కున్నారు, అందులో ఫోటోల కార్డు మాత్రం లేదు.

మర్నాడు పొద్దున్నే మేజర్ వచ్చాడు. కుర్చీని రుమాలుతో తుడిచి కూర్చున్నాడు.

"మొదటి ఫోటో కంప్యూటర్‌లో తయారుచేసిందని రాసి సంతకం పెట్టు. పాసు తిరిగి ఇస్తాను. బహుమతి కూడా నీదే. నీ పేరు నిలబడాలని నా కోరిక."

"అవును సార్, కనిపిస్తూనే ఉంది మీ బాధ."

"వెటకారం వద్దు. ఇంకొకటి. సమ్మె చేసేవాళ్ళను ఫోటోలు తీశావట. మొహాలు స్పష్టంగా ఉన్నవి నాకు కావాలి."

అక్క ఆయన్ను పరీక్షగా చూసింది. ఇరవై ఏళ్ళుగా ఇలాంటి మొహాలకు భయపడింది. పాసు కోసం వీళ్ళ గది ముందు బెంచీ మీద ఎన్ని పూటలు కూర్చుందో లెక్కే లేదు. దగ్గరగా చూస్తే ఏముంది? నున్నగా గీసిన గడ్డం, అరిగిపోయిన అబద్ధం.

"మొహాలు కావాలంటే షెడ్డుకు వెళ్ళండి సార్. దాక్కోలేదు వాళ్ళు. చేతులు పైకెత్తి మరీ కూర్చున్నారు. మీకే కళ్ళెత్తి చూసే అలవాటు లేదు."

"సంతకం?"

"పెట్టను."

పక్క గదిలోంచి బాబాయ్ అరిచాడు: "ఏమంటున్నాడమ్మాయ్?"

"ఏమీ లేదు బాబాయ్! చెత్త!"

"అచ్చేయమంటాడేమో, సెలవులో ఉన్నానని చెప్పు!"

మేజర్ ఏదో అనబోయి ఆగాడు. నేల సన్నగా అదురుతోంది. బల్ల మీద గ్లాసులో నీళ్ళు కదిలాయి.

"ఏంటది?" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చేయి నడుముకున్న పిస్తోలు మీదికి పోయింది.

అది రోడ్డు రోలర్ల మోత. మూడు క్యాంపుల నుంచి తొమ్మిది రోలర్లు. రోలర్ ఎంత తొందరపెట్టినా మనిషి నడిచినట్టే నడుస్తుంది. తెల్లవారకముందే బయలుదేరాయి. మేజర్‌కు మోత వినబడ్డాక పావుగంటకు గానీ మొదటిది మలుపులో కనబడలేదు. ఆ పావుగంటలో ఆయన మూడుసార్లు ఫోన్ చేశాడు. మిగతా క్యాంపుల్లో కూడా పీపాల కింద మంటలు ఆరిపోయాయనీ, ఇటు పంపడానికి మనుషులు లేరనీ చెప్పారు.

రోలర్ల పక్కన నడుస్తూ మేస్త్రమ్మ, వెనక మూడు వందల మంది. వాళ్ళ వెనక మెషిన్ హాలు వాళ్ళు, కాలేజీ పిల్లలు. మొదటి రోలర్ మీద డ్రైవర్ పక్కన ఇనుప రేకు పట్టుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. మోకాళ్ళ నొప్పులది. అక్క కిటికీ చువ్వలు పట్టుకుని చూసి నమ్మలేకపోయింది.

"అమ్మా! నువ్వెందుకొచ్చావే?"

"శవాలు ఇస్తే కడగడానికి ఒక మనిషి ఉండొద్దా?" అంది తల్లి.

తొమ్మిది రోలర్లూ స్టేషన్ ముందు రోడ్డుకు అడ్డంగా నిలిచాయి. పైకి పోవాల్సిన సైన్యం లారీలు ముప్ఫైకి పైగా వాటి వెనక ఆగిపోయాయి. రోలర్ల డ్రైవర్లు ఇంజన్లు ఆపి, తాళాలు పీకి, జేబుల్లో వేసుకుని దిగి జనంలో కలిసిపోయారు.

మేస్త్రమ్మ గేటు దగ్గరికొచ్చింది. "పదకొండు మంది శవాలు కావాలి. పని చేస్తూ చచ్చారని కాగితం కావాలి. లోపలున్న ఇద్దరూ కావాలి. అప్పుడు తీస్తాం."

"కాల్పిస్తాను" అన్నాడు మేజర్.

"కాల్చు. తుపాకులు ఈసారి సరిపడా తెచ్చుకున్నావా? మనిషికొకటి పెట్టాలి కదా. వెయ్యి మందిమి ఉన్నాం."

జనంలో నవ్వు మొదలైంది. వెనకదాకా పాకింది. ఈ నవ్వును ఎదుర్కోవడం మేజర్‌కు ఏ శిక్షణలోనూ నేర్పలేదు. మొహం కందగడ్డయింది. సిపాయిల వైపు తిరిగాడు.

"తీసేయండి వాటిని! రోలర్ నడపడం ఎవరికొచ్చు?"

సిపాయిలు ఇరవై మంది. ఎవరూ కదల్లేదు.

మేజర్ ఒకడి ముందు ఆగాడు. ఆ సిపాయి ముంజేతుల మీద పాత మచ్చలున్నాయి, నల్లగా, చుక్కలు చుక్కలుగా. తారు చిందితే పడే మచ్చలు. అక్క కిటికీలోంచే గుర్తుపట్టింది.

"నీకొచ్చు కదా? సైన్యంలో చేరకముందు ఏం పని చేశావు?"

సిపాయి గేటు అవతల నిలబడ్డ మేస్త్రమ్మ చేతుల వైపు ఒకసారి చూశాడు. తర్వాత నిటారుగా నిలబడి, ఎదుటి గోడకు చెప్పినట్టు చెప్పాడు.

"రాదు సార్."

"నీకు?" పక్కవాణ్ణి అడిగాడు.

"రాదు సార్."

"నీకు?"

మూడోవాడు నోరు తెరిచేలోపే నేల మళ్ళీ అదిరింది. లోయ అవతల మలుపులో పదో రోలర్ కనబడింది. దాని వెనక ఇంకొకటి. వాటికి తొందరేమీ లేదు. వస్తున్నాయి.